ఉతికిన కోటు

నాకు పుట్టుకతోనే ముక్కు పదును. మా హెస్ట్‌వేర్ లాంటి రేవు ఊళ్లో అది వరమేమీ కాదు. ఎండబెట్టిన చేపతలలు, పాచిపట్టిన తాళ్లు, డీజిల్, తుఫాను వెలిసాక ఒడ్డున కుళ్లే నాచు, అన్నీ నా ముక్కులోనే కాపురముంటాయి. నలభై ఏళ్లుగా ఇక్కడే దుకాణం నడుపుతూ అన్నిటినీ భరించాను. నా వల్ల కానిది ఒక్కటే, ఒడ్నీ కోటు.

ఒడ్నీ మా బాతుల మనిషి. ఏప్రిల్ చివర్లో ఆ కోటు తొడిగిందంటే జూన్ గడిచేదాకా పడుకునేటప్పుడు తప్ప విప్పదు, ఉతకనే ఉతకదు. బాతుల రెట్ట, చేప కాలేయపు నూనె, తారు, నాచు, ఆమె చెమట, అన్నీ కలిసి ఆ కోటుకి ఒక తోలు కట్టేవి. ఆమె గుమ్మంలో కనబడగానే నేను రొట్టెల అర మూసేసేదాన్ని.

"ఒసే ఒడ్నీ, అక్కడే ఆగు. ఏం కావాలో అక్కణ్నుంచే చెప్పు."

"కాఫీ పొడి, వెన్న. విసిరెయ్యి, పట్టుకుంటాను."

"వెన్న విసరమంటావా?"

"నీ చేతి వెన్న రాయిలాగే ఉంటుందిగా, ఏం కాదు."

ఆమెకి వాసనే తెలియదు. వయసులో ఉండగా చేపనూనె కాచే ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ ఆవిరికి ముక్కు చచ్చిపోయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక మిగిలింది ఆ పనికోటు ఒక్కటే. నీలం రంగుదని అంటారు, నేనైతే ఆ నీలం చూడలేదు. చీకట్లో లారీవాళ్లకి కనబడాలని దాని వీపు మీదా చేతుల మీదా మెరుపు పట్టీలు కుట్టి ఉండేవి. బాతులు బెదురుతాయని ఒడ్నీ వాటికి తారు పూసి నల్లగా చేసేసింది. పెళ్లయిన కొత్తలో మొగుడు, కోటుతో ఇంట్లోకి రావద్దన్నాడట. సరేనని ఆమె పోయి పడవల షెడ్డులో పడుకుంది. రెండు మూడు వేసవులు చూసి అతను దక్షిణాన ఏదో పట్నానికి వెళ్లిపోయాడు. పోయింది కోటు వల్లేనా అని ఒకసారి అడిగితే, "ఏమో, నేను అడగలేదు. అప్పుడు పొదిగే కాలం" అంది.

ఈ బాతులు మేం పెంచేవి కావు, సముద్రం మీద తిరిగేవి. వసంతంలో ఆడవి ఒడ్డెక్కి, అలలకి కొట్టుకొచ్చిన చెక్కలతో మేం కట్టిపెట్టిన బుల్లి గూళ్లలో గుడ్లు పెడతాయి. తమ రొమ్ము నూగు పీకి గుడ్ల చుట్టూ పరుస్తాయి. పిల్లల్ని తీసుకుని నీళ్లలోకి దిగాక ఆ నూగు మాది, దానితో కుట్టిన దుప్పట్లకి మించినవి లేవు. దానికి బదులుగా వాటిని మేం కాపు కాయాలి. నక్కలు రాకూడదు, కాకులు రాకూడదు, అన్నిటికన్నా ముఖ్యంగా చప్పుడు కాకూడదు. ఆ రోజుల్లో మా ఊళ్లో సుత్తి దెబ్బ వినబడదు. కుక్కలు గొలుసుల్లో ఉంటాయి. ఆ ఒడ్డు వైపు ఎవరూ తెల్లదుప్పటి ఆరేయరు. మే పదిహేడున, జాతీయ పండుగకి, దేశమంతా బాజాలు మోగిస్తూ ఊరేగుతుంటే, మా బాజా వాళ్లు కొండకి అవతల వాయించుకుని, వాద్యాలు బట్టల్లో చుట్టుకుని దొంగల్లా ఇళ్లకొస్తారు. కాపు మనిషి రోజూ ఒకే వేళకి, ఒకే నడకతో, ఒకే బట్టల్లో వెళ్లాలి. బాతుకి మొహంతో పనిలేదు, ఆ ఆకారం అదేనా కాదా అన్నదే దాని లెక్క.

ఒడ్నీ మేనత్త కాలంలో గూళ్లన్నీ నిండేవట. తర్వాత బొచ్చు కోసం పెంచే ఫారాల్లోంచి మింకులు తప్పించుకుని దీవుల మీద పడ్డాయి. ముంగిసలాంటి ఆ పాడు జంతువులు ఒక్క గూడూ వదల్లేదు. కొన్నేళ్లపాటు ఒక్క బాతు కూడా ఒడ్డెక్కలేదు. ఒడ్నీ మాత్రం ఖాళీ గూళ్లకి రోజూ వెళ్లేది, అదే కోటు, అదే నడక. ఊరు నవ్వింది, నేనూ నవ్వాను. మింకుల్ని వలలు పెట్టి పట్టాక, పోయినేడు రెండు బాతులొచ్చాయి. ఈ ఏడు పదో పన్నెండో వచ్చి కూర్చున్నాయి. ఆ రోజు ఆమె దుకాణానికొచ్చి, గుమ్మం అవతలే నిలబడి, ఊరికే తలుపు చెక్కని గోకుతూ ఉండిపోయింది.

"ఇవి గాని సవ్యంగా పొదిగి పిల్లల్ని తీసుకుపోతే, ఆ పిల్లలు పెద్దయ్యాక ఇక్కడికే వస్తాయి. బెదిరి లేచాయంటే మాత్రం మళ్లీ ఈ ఒడ్డు మొహం చూడవు. నాకా అరవై ఎనిమిదేళ్లు, విగ్దిస్. మొదట్నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు" అంది చివరికి.

ఆ వారంలోనే వచ్చింది ఆ పాడు విహారయాత్ర కబురు.

పట్నంలో తీరప్రాంతాల్ని చూసే సంఘం ఒకటుందట. పొద్దున పడవలో వచ్చి, మా ఊరు చూసి, సాయంత్రానికి వెళ్లిపోతారట. నచ్చితే వేసవంతా గుంపులు పంపుతారట. మునిసిపాలిటీ నుంచి స్తూర్లా అనే కుర్రాడు వచ్చి నా దుకాణంలో మీటింగు పెట్టాడు. సన్నటి మీసం, మాట తేనె.

"మీ జీవితమే మీ సంపద. మీరు ఏమీ మార్చక్కర్లేదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు" అన్నాడు.

ఉన్నది ఉన్నట్టట! మర్నాటి నుంచే మావాళ్లు ఊరికి మొహం కడగడం మొదలుపెట్టారు. నాకు చూస్తుంటేనే రోత పుట్టింది. ఎప్పుడూ వల ముట్టని స్కూలు మాస్టారు గోడకి పాత వల తగిలించాడు. ఎండుతున్న చేపతలలు అసహ్యంగా ఉంటాయని వాటి మీద ప్లాస్టిక్ పట్టా కప్పారు. గాలికి ఆరాల్సినవి ఊపిరాడక, రెండ్రోజుల్లో లోపల పురుగులు పట్టి ఉడికిపోయాయి. పట్టా ఎత్తి చూసిన నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు.

బాతుల్ని చూపించడానికి ఒడ్నీ ఒప్పుకుంటుందని ఎవరూ అనుకోలేదు. ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టింది. ముదురు రంగు బట్టలు, చివరి పడవ షెడ్డు వెనకే కూర్చోవడం, నోరు విప్పకపోవడం. మధ్యాహ్నం ఆమె రోజూ వెళ్లే వేళకి వెళ్తుంది, వాళ్లు చెక్కల సందుల్లోంచి చూడొచ్చు.

"అంతా మీరన్నట్టే. చూశాక జనం వాటిని ప్రేమిస్తారు, ప్రేమిస్తే కాపాడతారు" అన్నాడు స్తూర్లా.

"ప్రేమించకపోయినా పర్లేదు బాబూ, చప్పుడు చెయ్యకుండా ఉంటే చాలు" అంది ఒడ్నీ.

అందరూ లేస్తుంటే ఆమె చెల్లెలు యోరున్ గొంతు సవరించుకుంది. యోరున్ ఇల్లు అద్దం. గడపకి అవతలే చెప్పులు విప్పించి, లోపల మళ్లీ కాళ్లు తుడుచుకోమనే రకం. అక్కంటే ప్రాణం, అక్క కోటంటే చచ్చేంత సిగ్గు.

"అక్కా, ఆ ఒక్క రోజుకీ నా నల్లకోటు వేసుకోకూడదటే?"

"నీ కోటుకి బాతులు గుడ్లు పొదగవే."

"పట్నంవాళ్లు ముక్కులు మూసుకుంటారు. మన అమ్మ పరువు..."

"అమ్మ ఇంకా నాకంటే కంపు కొట్టేది. నీకు గుర్తులేదు, చిన్నదానివి."

అందరూ నవ్వారు. యోరున్ మొహం ఎర్రబడింది. నేనూ నవ్వానుగాని, మనసులో మాత్రం యోరున్ పక్షమే. ఆ కోటు మీద ఎవరైనా ఒక బకెట్ నీళ్లు పోస్తే బాగుండునని నాకెన్నిసార్లు అనిపించలేదు?

మూడు వారాల తర్వాత వాళ్లొచ్చిన రోజు మబ్బు పట్టి ఉంది. పడవ దిగగానే ఒకావిడ, "ఇక్కడ గాలి ఎంత స్వచ్ఛంగా ఉందో!" అని గుండె నిండా పీల్చి, పట్టా కింది చేపతలల కంపు తగిలి దగ్గుతూ కూర్చుండిపోయింది. చేతులకి రాసుకునే మందు సీసాలు సంచుల్లోంచి బయటికొచ్చాయి. ఎక్కడ ముట్టుకున్నా ఒకసారి రాసుకోవడమే. ఒక పెద్దమనిషి నేనిచ్చిన ఎండుచేప నమిలి, అందరూ చూస్తుండగా అరచేతిలోకి ఉమ్మి, నా పూలకుండీలో పెట్టాడు. ఇంకొకడు యోరున్ కిటికీకి మొహం ఆనించి, "లోపల మనుషులున్నారు!" అని అరిచాడు. ఉండరా మరి? ఇళ్లు కట్టుకున్నది నక్కలకా? చర్చి గోడ వెనక ఒకాయన నిలబడి చేసిన పని నేను చెప్పను. నాలుగడుగుల్లో మరుగుదొడ్డి ఉంది, దాని మీద బోర్డు కూడా ఉంది.

మావాళ్లు వాళ్ల వెనకే పళ్లికిలించుకుంటూ తిరిగారు. అదింకా అసహ్యం. మాస్టారు ఆ వలని బాగుచేస్తున్నట్టు నటిస్తూ, తన తాత తుఫానులో పోయాడని చెప్పాడు. ఆ తాత మంచం మీద పోయాడు, ఆ సంగతి ఊరంతా ఎరుగుదుం.

మధ్యాహ్నమైంది. ఒప్పుకోవాలి, ఆ వేళకి వాళ్లు మాట నిలబెట్టుకున్నారు. రంగురంగుల కోట్లు విప్పి నా దుకాణంలో పడేసి, నల్లటివి తొడుక్కుని, చివరి షెడ్డు వెనక స్కూలు పిల్లల్లా వరసగా చతికిలబడ్డారు. కిక్కురుమనలేదు. నేనూ ఒక సందులోంచి చూస్తున్నాను. రాళ్ల మధ్య గూళ్లు, గూళ్ల నోళ్లలో గోధుమరంగు తలలు. ఏ ఒక్కటీ కదల్లేదు. ఇంకో నాలుగైదు రోజులు, అంతే, పిల్లలు బయటికొస్తాయి.

తన పడవల షెడ్డులోంచి ఒడ్నీ బయటికొచ్చింది. ఎప్పటిలాగే కాస్త వంగి, ఎడమకాలు కొద్దిగా ఈడుస్తూ, గొంతులోనే ఏదో కూనిరాగం తీస్తూ మా పక్కనుంచి నడిచింది.

నా ముక్కుకి లావెండర్ తగిలింది.

మొదట పట్నం ఆడవాళ్ల సెంటు అనుకున్నాను. రెండోసారి పీల్చాను. అది నా దుకాణంలో పై అరలో ఉండే బట్టల సబ్బు వాసన. ఊళ్లో దాన్ని కొనేది యోరున్ ఒక్కతే.

షెడ్డు చీకట్లో, కొక్కేనికి, ఎప్పుడూ ఉండేచోటే ఉండి ఉంటుంది కోటు. ఒడ్నీ చూడకుండానే చెయ్యి పెట్టి తొడుక్కుని ఉంటుంది. తడిగా ఉందంటే ఆ కోటు ఎప్పుడు పొడిగా ఉంది గనక? వాసన తెలిసే ముక్కు ఆమెకి లేదు. ఆమె వీపు నాకు కనబడుతోంది. నీలం! ఇన్నేళ్లలో మొదటిసారి చూశాను ఆ నీలాన్ని. తారు పోయిన పట్టీలు బూడిదరంగులో అడ్డంగా కనబడుతున్నాయి.

"ఒడ్నీ" అని అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అరిస్తే అన్నీ లేస్తాయి. పరిగెత్తినా లేస్తాయి. చెయ్యి ఊపాను, ఆమె ముందుకే చూస్తోంది. గులకరాయి తీసి వెయ్యాలనుకుని, అదీ చప్పుడేనని వదిలేశాను. పక్కనున్న పట్నం ఆవిడ నా మొహం చూసి, ఇంత భక్తా అన్నట్టు చిరునవ్వు నవ్వి, నా మోచెయ్యి నిమిరింది. దాని చెయ్యి కొరకాలనిపించింది.

మొదటి గూట్లోని బాతు మెడ చాచింది. ఒడ్నీ ఆగింది. రాగం ఇంకా తగ్గించి తీసింది. మెడ కాస్త దిగింది. ఆకారం అదే కదా, నడక అదే కదా, అవి కూడా ఆమెని పోల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నాయని నాకనిపించింది. ఇంకో అడుగు వేసింది, ఇంకోటి.

అప్పుడే మబ్బు విడింది.

ఎండ ఆ పట్టీల మీద పడి కత్తిలా తళుక్కుమంది. మొదటి బాతు పెద్దగా అరిచి లేచింది. దాని వెనక పక్కది, దాని వెనక అన్నీ. రెక్కల హోరు తప్ప ఏమీ వినబడలేదు. బెదిరి లేచే బాతు గుడ్ల మీద రెట్ట చిమ్మి పోతుంది, శత్రువు తినకుండా. ఆ కంపు మామూలుది కాదు. కుళ్లిన చేప, తుప్పు, చచ్చిన ఎలుక అన్నీ కలిపి ఉడకేసినట్టు గాలిలో కమ్ముకుంది. పట్నంవాళ్లు ముక్కులు మూసుకుని, "ఛీ ఛీ" అంటూ, దగ్గుతూ లేచారు. ఒకమ్మాయి అక్కడే వాంతి చేసుకుంది.

తర్వాత చప్పట్లు కొట్టారు.

నిజంగానే కొట్టారు. ఆకాశంలో గుండ్రంగా తిరుగుతున్న బాతుల్ని ఫోన్లలో పట్టుకుంటూ, "అన్నీ ఒకేసారి ఎగిరాయి చూశారా! ఎంత బాగా చేయించిందో!" అని ఒకాయన కేకేశాడు. సర్కసు అనుకున్నాడు కాబోలు. ఒడ్నీ ఖాళీ గూళ్ల మధ్య అటు తిరిగి నిలబడే ఉంది.

ఆమె తిరిగొస్తుంటే స్తూర్లా ఎదురెళ్లాడు. "అద్భుతం! అందరూ కదిలిపోయారు" అన్నాడు. సంఘం పెద్ద, తెల్లజుట్టు ఆవిడ, ఒడ్నీ చేతులు పట్టుకుని, "మీ దగ్గర వాసన భరించలేమని ఎవరో భయపెట్టారండీ. ఏం లేదే! ఎంత శుభ్రంగా ఉన్నారు, ఎంత కమ్మటి వాసన!" అంది.

వాఫిళ్లనే గళ్ల అట్ల పళ్లెం పట్టుకుని నిలబడ్డ యోరున్ ఆ మాట విని పొంగిపోయింది. బాతులు లేవడం ఆమె చూడలేదు, అప్పటిదాకా పొయ్యి దగ్గరే ఉంది.

ఒడ్నీ తన చేతిని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. మెరుపు పట్టీని బొటనవేలితో రుద్దింది. తర్వాత నావైపు చెయ్యి చాపింది.

"విగ్దిస్, దీని వాసన ఎలా ఉంది?"

"సబ్బు" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆమె చెల్లెలి వైపు చూసింది. యోరున్ చేతిలో పళ్లెం వంగి, వాఫిళ్లు ఒక్కొక్కటే నేల మీద పడ్డాయి.

"రెండుసార్లు తిప్పానక్కా మెషిన్లో. రాత్రంతా కాపు కాసి నువ్వు పొద్దున పడుకున్నప్పుడు. పట్టీల మీద తారు పోకపోతే వెన్న రాసి, కిరసనాయిలుతో గోకాను. వేళ్లు పుళ్లయ్యాయి చూడు. నీకు మంచి పేరు రావాలని..."

"వచ్చిందిలే" అంది ఒడ్నీ.

నాలుగు తిట్టి, చెంప వాయించి ఉంటే యోరున్ బతికిపోయేది.

పట్నంవాళ్లు కాఫీ తాగారు, కిందపడని వాఫిళ్లు తిన్నారు, మరుగుదొడ్డిని గబ్బు పట్టించారు. మళ్లీ వస్తామని చేతులూపుతూ పడవెక్కారు. మావాళ్లు రేవు చివరిదాకా వెళ్లి చేతులూపారు. నేను వెళ్లలేదు. పూలకుండీలోంచి ఆ నమిలిన చేపముక్క తీసి పారేసి, చెయ్యి కడుక్కున్నాను.

ఆ తర్వాత యోరున్‌ని వెంటపెట్టుకుని చివరి షెడ్డు దగ్గరికి వెళ్లాను. ఒడ్నీ అక్కడే ఉంది, కోటు విప్పేసింది. లోపలి ఉన్ని చొక్కాలో ఆమె ఇంత చిన్న మనిషా అనిపించింది. సందులోంచి చూస్తోంది. నేనూ చూశాను. మూడు బాతులు తిరిగొచ్చాయి. ఒంటి మీదా గూటి నిండా ఆ రోతతోనే మళ్లీ గుడ్ల మీద కూర్చున్నాయి. మిగతావి నీళ్ల మీద దూరంగా చుక్కల్లా ఉన్నాయి, ఇంకా దూరమవుతున్నాయి. ఖాళీ గూళ్ల చుట్టూ పెద్ద నల్లరెక్కల సముద్రపు గద్దలు దిగుతున్నాయి. ఒకటి గూట్లో తల దూర్చి ఆకుపచ్చటి గుడ్డు ఒకటి పైకి లాగి, రాయి మీద కొట్టి పగలగొట్టింది. లోపల ఉన్నది సొన కాదు.

"అక్కా, పోయి తరిమెయ్యవే! రోజూ నువ్వేగా తరిమేది!" అంది యోరున్, దాదాపు అరుస్తూ.

"నేను వెళ్తే ఆ మూడూ లేస్తాయి."

"నువ్వా? నిన్ను చూసి ఎందుకు లేస్తాయి?"

"నన్ను చూసే కదే ఇందాక లేచాయి."

గద్ద రెండో గుడ్డు లాగింది. ఒడ్నీ పిడికిళ్లు బిగించి అలాగే నిలబడింది, కళ్లు తిప్పుకోలేదు. ఆ గూటి పని అయిపోయాక గద్దలు పక్కగూటికి నడిచాయి, తొందరేమీ లేనట్టు. యోరున్ నోటికి ఏప్రాన్ అంచు అడ్డం పెట్టుకుంది గాని, వెక్కిళ్లు ఆగలేదు, పైకే వచ్చాయి. గూట్లో ఒక గోధుమరంగు తల మావైపు లేచింది.

ఒడ్నీ చెల్లెలి భుజం పట్టుకుని ఊరి వైపు తిప్పింది.

"ఏడవాలనుంటే ఇంటికి పోయి ఏడువు. ఇక్కడ ఇంకా మూడున్నాయి."